మార్కు వేసేవాళ్ళ చేతికి మైకు ఇవ్వండి

టీవీలో ఫిగర్ స్కేటింగ్ చూసిన ప్రతిసారీ నాకు ఒకటే మంట. మార్కులు వేసేవాళ్ళు నోరు విప్పరు, నోరు విప్పేవాళ్ళ చేతిలో మార్కులుండవు. తొమ్మిదిమంది జడ్జీలు కోట్లు వేసుకుని రింకు పక్కన వరసగా కూచుంటారు, ముందు చిన్న చిన్న తెరలు, కెమెరా వాళ్ళ మీదకి ఒక్క క్షణం వెళ్ళి ఏమీ దొరక్క తిరిగొచ్చేస్తుంది. అటు కామెంటరీ బాక్సులో మాత్రం ఇద్దరో ముగ్గురో గుక్క తిప్పుకోకుండా చెప్తూనే ఉంటారు, ఈ జంప్ అదిరింది, ఆ ల్యాండింగ్ కొంచెం తేడా, ఈ అమ్మాయికి పతకం ఖాయం అని. తర్వాత స్కోరు వస్తుంది, వీళ్ళు చెప్పినదానికీ దానికీ పొంతనుండదు. అప్పుడు మనం ఎవర్ని నమ్ముతాం? ఇంతసేపూ మనతో మాట్లాడినవాళ్ళనే. నోరెత్తనివాళ్ళు దొంగలైపోతారు.

అందుకని నేననేది ఏంటంటే, మార్కు వేసినవాళ్ళు అది ఎందుకు వేశారో అక్కడికక్కడే, అందరూ వింటుండగా చెప్పాలి, చెప్పించే పని యాంకర్‌ది. ఈ ఒక్క విషయంలో, సెలబ్రిటీలని తీసుకొచ్చి ఐసు మీద నిలబెట్టి గెంతులేయించే టీవీ షోలే ఒలింపిక్స్ కంటే నయం అంటాను. ఈ మాటకి మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు, నవ్వనీండి.

ఐసుకీ నాకూ ఏంటి సంబంధం అంటారా, ఏమీ లేదు. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో ఒడిశా వేరే ప్రావిన్సు అయినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, ఇళ్ళల్లో తెలుగు మాత్రం ఎటూ పోలేదు, కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అది ఆంధ్రా. ఇక్కడ ఐసంటే చేపల పెట్టెల్లో వేసేదే. కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో స్పోర్ట్స్ చానల్లో వేళాపాళా లేకుండా వేసేవాళ్ళు, అలా అంటుకున్న పిచ్చి ఇది, ఇప్పుడు యూట్యూబ్ పుణ్యమా అని ఇంకా ముదిరింది. నాకున్న అర్హత ఏదైనా ఉంటే అది వేరే. ఊళ్ళో పండగలకి పెట్టే డాన్సు పోటీలకి నేను యాంకరింగ్ చేస్తాను, తెలుగులో ఒకసారి ఒడియాలో ఒకసారి, ఎవరైనా ఆఫీసరుగారు వస్తే మధ్యలో కాస్త హిందీ. ఒక్కోసారి జడ్జీ కుర్చీలో కూడా కూచోబెడతారు. అంటే మైకు వైపూ తెలుసు, మార్కుల కాయితం వైపూ తెలుసు.

ఇంకోటి కూడా తెలుసు. జడ్జీల మీద అనుమానం ఎలా పుడుతుందో మా బోర్డర్ ఊళ్ళవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముగ్గురు జడ్జీలుంటే ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, మూడో ఆయన ఎవరో ఒక పెద్దమనిషి, పోటీ జరిగినంతసేపూ రెండు వైపులవాళ్ళూ ఆ మూడో ఆయన మొహమే చూస్తుంటారు. ఒడిస్సీ చేసిన పిల్లకి ఫస్ట్ వస్తే తెలుగు వీధుల్లో గొణుగుడు, కూచిపూడి పిల్లకి వస్తే అవతల గొణుగుడు. ఫిగర్ స్కేటింగ్‌లో దీన్నే బ్లాక్ జడ్జింగ్ (bloc, అంటే కూటమి కట్టి మార్కులేయడం) అని పెద్ద పేరు పెట్టి, తూర్పు దేశాలవాళ్ళు ఒకవైపు పడమటి దేశాలవాళ్ళు ఒకవైపు అని ఎన్నో ఏళ్ళు కొట్టుకున్నారు. నేను స్టేజి ఎక్కడం మొదలెట్టాక ఒక పద్ధతి పెట్టుకున్నాను, ఫలితం చదివే ముందు ప్రతి జడ్జినీ పిలిచి రెండు ముక్కలు మాట్లాడిస్తాను, ఫస్ట్ వచ్చినవాళ్ళలో ఏం నచ్చింది, సెకండ్ వచ్చినవాళ్ళకి ఎక్కడ తగ్గింది అని. కమిటీలో ఉండే ఒక పెద్దాయన, వరసకి మావయ్య అవుతాడు, నన్ను పక్కకి పిలిచి "ఏటమ్మా ఇది, మార్కులేసినోళ్ళని మాటాడమంటే ఎలగ, తగువైపోద్ది" అన్నాడు. "మాటాడకపోతే అవట్లేదా మావయ్యా?" అన్నాను. ఇప్పుడూ తగువులు అవుతాయి, అవవని కాదు. కాకపోతే ఇప్పుడు జనం ఆ పిల్ల అడుగు నిజంగా తాళం తప్పిందా లేదా అని కొట్టుకుంటున్నారు, ఆ జడ్జి ఏ వీధివాడో అని కాదు. ఆ తేడా చిన్నది కాదు.

సరే, స్కేటింగ్‌కి వద్దాం. 2002 ఫిబ్రవరి, సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్, పెయిర్స్, అంటే జోడీల పోటీ. రష్యా నుంచి యెలేనా బెరెజ్నాయా, ఆంటన్ సిఖారులిద్జె. కెనడా నుంచి జేమీ సాలే, డేవిడ్ పెల్టియే. సిఖారులిద్జె డబుల్ ఆక్సెల్ అనే జంప్ నుంచి దిగేటప్పుడు కాలు తడబడ్డాడు, కెనడా జంట తప్పు లేకుండా పూర్తి చేశారు, హాలంతా లేచి నిలబడింది. అయిదుగురు జడ్జీలు రష్యా వైపు, నలుగురు కెనడా వైపు. రష్యాకి గోల్డ్. అమెరికా టీవీలో కామెంటరీ చెప్తున్నది స్కాట్ హామిల్టన్, సాండ్రా బెజిక్. హామిల్టన్ 1984 ఒలింపిక్ చాంపియన్, బెజిక్ పేరున్న కొరియోగ్రాఫర్, ఇద్దరూ నిర్ఘాంతపోయారు, ఆ నిర్ఘాంతపోవడం లైవ్‌లో కోట్లమంది చూశారు. ఆ తర్వాత ఫ్రాన్స్ జడ్జి మారీ రెన్ లె గూన్, తన ఫెడరేషన్‌వాళ్ళు ఒత్తిడి పెట్టారని చెప్పడం, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం, ఐస్ డాన్స్‌లో ఫ్రాన్స్‌కి సాయం చేస్తే పెయిర్స్‌లో రష్యాకి సాయం అనే బేరం జరిగిందని ఆరోపణలు, చివరికి కెనడావాళ్ళకి కూడా ఒక గోల్డ్ ఇచ్చి ఇద్దరినీ పోడియం మీద నిలబెట్టడం, ఆవిడకీ ఫ్రాన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు దిదియే గయాగేకీ మూడేళ్ళ సస్పెన్షన్, ఇదంతా స్కేటింగ్ చూసేవాళ్ళందరికీ తెలిసిన కథే.

తెలియనిది ఏంటంటే మిగతా నలుగురి మాట. రష్యా వైపు మార్కు వేసిన అయిదుగురిలో ఫ్రాన్స్ ఆవిడ కాక రష్యా, చైనా, పోలండ్, ఉక్రెయిన్ జడ్జీలున్నారు. వాళ్ళందరూ అమ్ముడుపోయారా? నాకలా అనిపించదు. కాలు తడబడినా రష్యా జంట ప్రోగ్రాం కష్టమైనది, జంప్‌కీ జంప్‌కీ మధ్య అల్లిక ఎక్కువ, వేగం ఎక్కువ అని వాదించినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆ నలుగురిలో ఒక్కరైనా ఆ రాత్రే మైకు పట్టుకుని, ఇదిగో ఇక్కడ నేను తగ్గించాను ఇక్కడ పెంచాను అని చెప్పి ఉంటే జనం ఒప్పుకునేవాళ్ళని కాదు, కానీ కనీసం ఒక వాదన రెండు వైపులా వినపడేది. చెప్పలేదు, చెప్పే వీలే లేదు. అమెరికా, కెనడా ప్రేక్షకుడికి ఆ రాత్రి తీర్పు చెప్పింది కామెంటేటర్లు. రష్యాలో ఇదే పోటీని ఇంకో గొంతులో విన్నవాళ్ళు ఇంకో తీర్పు విన్నారు, వాళ్ళ దృష్టిలో అన్యాయం జరిగింది బెరెజ్నాయాకి. ఒకే పోటీ, ఎన్ని దేశాల మైకులుంటే అన్ని ఫలితాలు.

ఈ గొడవతో ఆరుకి మార్కులేసే పాత 6.0 పద్ధతికి నూకలు చెల్లాయి. ఆ పద్ధతిలో మార్కు ఒక ర్యాంకు మాత్రమే, ముందు వచ్చినవాళ్ళకి ఎక్కువ వేసేస్తే చివర్లో వచ్చేవాళ్ళకి చోటుండదని జడ్జీలు చేయి బిగబట్టేవాళ్ళు. 1984 సరయేవో ఒలింపిక్స్ ఐస్ డాన్స్‌లో బ్రిటన్ జంట జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్ ఫ్రీ డాన్స్ చేసినప్పుడు మాత్రం బిగబట్టలేకపోయారు, కళకి తొమ్మిదిమందీ 6.0 వేశారు. (వీళ్ళిద్దరూ నాటింగ్‌హామ్‌లో ఆవిడ ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, ఆయన పోలీసు కానిస్టేబుల్. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు భలే హాయిగా ఉంటుంది.) 2004లో కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి జంప్‌కీ స్పిన్‌కీ ఒక బేస్ వాల్యూ, అంటే కష్టాన్ని బట్టి ముందే కట్టిన విలువ, దాని మీద జడ్జీలు నాణ్యతకి ప్లస్సో మైనస్సో వేస్తారు, ఇప్పుడైతే మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా, తొమ్మిదిమందిలో అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా ఏడింటి సగటు. లెక్క మహా పకడ్బందీ. కానీ ఈ మార్పుల్లోనే ఒక ఘోరమైన పని కూడా చేశారు, ఏ జడ్జి ఏ మార్కు వేశాడో బయటికి తెలియకుండా దాచేశారు. పేరు చెప్పకపోతే ఎవడూ ఒత్తిడి పెట్టలేడు అని వాళ్ళ తర్కం. డార్ట్‌మత్ కాలేజీలో ఎరిక్ జిట్జెవిట్జ్ అనే ఎకనామిస్టు ఆ మార్కులన్నీ తవ్వి చూస్తే, పేర్లు దాచాక సొంత దేశపు స్కేటర్ల మీద పక్షపాతం తగ్గలేదు సరికదా ఇంకాస్త పెరిగిందని తేలింది. మా మావయ్యకి ఇది చూపించాలి. 2016లో ఐఎస్‌యూ, అంటే అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం, ఆ రహస్యం తీసేసింది, ఇప్పుడు పోటీ అయ్యాక ప్రతి జడ్జి మార్కూ పేరుతో సహా పీడీఎఫ్‌లో పెడతారు.

పీడీఎఫ్. ఒక్కసారి తెరిచి చూడండి. గళ్ళు, గళ్ళ నిండా అంకెలు, పక్కన చిన్న చిన్న గుర్తులు. పాతికేళ్ళుగా చూస్తున్న నాకే బుర్ర తిరుగుతుంది, కొత్తగా చూసేవాడి గతేంటి? పేర్లు బయటపెట్టారు సరే, కారణాలు ఇంకా లోపలే ఉన్నాయి.

2014 సోచి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ పోటీ తీసుకోండి. రష్యా స్కేటర్ అడెలినా సొట్నికోవాకి 224.59, కొరియా స్కేటర్ యూనా కిమ్‌కి 219.11. యూనా ఒక్క తప్పు చేయలేదు, సొట్నికోవా వరసగా చేసే జంపుల కాంబినేషన్ ఒకదాని చివర్లో కాస్త తడబడింది, అయినా రష్యా అమ్మాయికి గోల్డ్, అదీ రష్యాలో. కొరియాలో లక్షలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. ఆ జడ్జీల ప్యానెల్‌లో ఒకావిడ రష్యా ఫెడరేషన్ పెద్దమనిషి భార్య, ఇంకొకాయన 1998 నాగానో ఐస్ డాన్స్ గొడవలో సస్పెండ్ అయి తిరిగొచ్చినవాడు, అనుమానం రాకుండా ఎలా ఉంటుంది. కానీ ఇదే ఫలితానికి వివరణ కూడా కొంత ఉంది, సొట్నికోవా ఫ్రీ స్కేట్‌లో ఏడు ట్రిపుల్ జంపులు పెట్టింది, యూనా ఆరే పెట్టింది, ఆ లెక్కలో ముందే కొంత తేడా ఉంది. మిగతా తేడా నాణ్యతకి, కళకి వేసిన మార్కులది, అసలు ప్రశ్న అక్కడే. ఆ ప్రశ్న జడ్జీలని అడిగినవాళ్ళు ఎవరు? టీవీలో ఎవరూ అడగలేదు. యాంకర్లు స్టూడియోలో కూచుని వాళ్ళలో వాళ్ళే అడుక్కున్నారు.

ఇప్పుడు టీవీ షోల సంగతి. బ్రిటన్‌లో ఐటీవీ 2006 జనవరిలో డాన్సింగ్ ఆన్ ఐస్ మొదలెట్టింది. నటులు, గాయకులు, ఆటగాళ్ళు లాంటివాళ్ళని తీసుకొచ్చి ఒక్కొక్కరికీ ఒక ప్రొఫెషనల్ స్కేటర్‌ని జోడీ కట్టి వారం వారం పోటీ. అప్పటి యాంకర్లు ఫిలిప్ స్కోఫీల్డ్, హాలీ విల్లోబీ. కోచింగ్ ఇచ్చింది మన టార్విల్, డీనే. జడ్జీల్లో 1980 ఒలింపిక్ చాంపియన్ రాబిన్ కజిన్స్, ఐస్ డాన్స్‌లో జోడీగా ఆడిన కరెన్ బార్బర్, నికీ స్లేటర్, ఇంకా కొరియోగ్రాఫర్ జేసన్ గార్డినర్. స్కేటింగ్ నాణ్యత గురించి నేను మాట్లాడను, పడకుండా నిలబడితే చాలు అన్నట్టుంటుంది మొదటి వారాల్లో. కానీ చూడండి, ఆ పాపం స్కేటర్ ఆయాసపడుతూ వచ్చి యాంకర్ పక్కన నిలబడతాడు, యాంకర్ జడ్జిని పేరు పెట్టి పిలుస్తాడు, జడ్జి ఆ మనిషి కళ్ళల్లోకి చూస్తూ చెప్పాలి, నీ మోకాలు వంగట్లేదు, నీ పార్ట్‌నర్ నిన్ను లాక్కెళ్తోంది, పోయిన వారం కంటే నీ ఎడ్జ్ బాగుపడింది. ఆ తర్వాతే మార్కు. జనానికి నచ్చకపోతే అక్కడే గోల చేస్తారు, ఆ గోలంతా జడ్జి వినాలి. చివర్లో కింద మిగిలిన రెండు జోడీలు మళ్ళీ స్కేట్ చేస్తే, నేను ఫలానావాళ్ళని కాపాడుతున్నాను అని ఒక్కొక్క జడ్జి నోటితోనే చెప్పాలి. ఎక్కడా తప్పించుకోవడానికి సందు లేదు.

దీనికి ఇంకో వైపు ఉంది, అది దాచను. మైకు ఇస్తే జడ్జి జడ్జిగా ఉండడు, ఒక వేషం అవుతాడు. కరకుగా మాట్లాడేవాడు ఒకడు, కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఒకరు, జోకులేసేవాడు ఒకడు, మన తెలుగు డాన్సు షోలు చూసేవాళ్ళకి ఈ సెట్టింగు తెలుసు. డాన్సింగ్ ఆన్ ఐస్‌లో గార్డినర్‌కి కరకు జడ్జి అనే పేరుండేది, 2011లో అయితే ఆయనకీ, అప్పటికి జడ్జి కుర్చీ వదిలి కోచ్ అయిన కరెన్ బార్బర్‌కీ లైవ్‌లోనే మాటామాటా అయింది, మర్నాడు పేపర్లకి అదే వార్త. ఆ వారం ఎవరు బాగా స్కేట్ చేశారో ఎవరికి గుర్తుంది? ఇంకోటి, సీజన్ మొదట్లో మార్కులు తక్కువ వేసి పోను పోను పెంచడం, ఇది ప్రపంచంలో ప్రతి రియాలిటీ షోలోనూ కనపడుతుంది, పోటీదారుడు ఎదిగాడని కథ చెప్పాలి కదా. అమెరికాలో ఏబీసీ 2010లో స్కేటింగ్ విత్ ది స్టార్స్ అని ఒకటి పెట్టింది, ఒక్క సీజన్‌తో సరి. యాంకర్ వెర్నన్ కే. జడ్జీల బల్ల దగ్గర స్కేటర్ జానీ వియర్, కొరియోగ్రాఫర్ లారీయాన్ గిబ్సన్‌ల పక్కన ఎవరు కూచున్నారనుకున్నారు? డిక్ బటన్! 1948లో, 1952లో రెండుసార్లు ఒలింపిక్ గోల్డ్ కొట్టినవాడు, పోటీలో మొదటి డబుల్ ఆక్సెల్, మొదటి ట్రిపుల్ జంప్ చేసినవాడు. ఆయన్ని తీసుకొచ్చి సెలబ్రిటీల తప్పటడుగులకి మార్కులేయించడం నాకు మొదట మింగుడుపడలేదు.

తర్వాత ఆ క్లిప్పులు చూస్తుంటే ఒకటి తట్టింది. బటన్ కొన్ని దశాబ్దాలు ఏబీసీలో కామెంటరీ చెప్పాడు, మొహమాటం లేని మనిషి, స్పిన్‌లో పొజిషన్ బాలేకపోతే బాలేదు అనేసేవాడు, పాదం మొన సాగదీయకపోతే వదిలేవాడు కాదు. అమెరికాలో స్కేటింగ్ చూడడం ఎలాగో జనానికి నేర్పింది ఆయనే అంటారు, 2025 జనవరిలో పోయినప్పుడు అందరూ అదే రాశారు. ఇంత తెలిసినవాడి చేతిలో ఇన్నేళ్ళూ మైకు ఉంది, మార్కు లేదు. ఇలాంటి సెలబ్రిటీ షోల్లోనే టీవీలో రెండూ ఒక్కచోటికి వచ్చాయి ఆయనకి. అసలు పోటీల్లో ఇలాంటివాళ్ళని ఎప్పుడూ విడగొట్టే పెట్టారు.

కామెంటేటర్లని తిడుతున్నానని అనుకోవద్దు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ళ రష్యా స్కేటర్ కమిలా వలియేవా డోపింగ్ టెస్టు సంగతి బయటపడ్డాక కూడా ఆమెని ఆడనిచ్చినప్పుడు, అమెరికా చానల్ ఎన్‌బీసీలో జానీ వియర్, టారా లిపిన్‌స్కీ ఆమె షార్ట్ ప్రోగ్రాం జరిగినంతసేపూ దాదాపు నోరు మెదపలేదు. గలగలా మాట్లాడే ఇద్దరు అలా ఊరుకుంటే అది ఎంత పెద్ద వ్యాఖ్యో చూసినవాళ్ళకి తెలుసు. లిపిన్‌స్కీ 1998లో పదిహేనేళ్ళకే ఒలింపిక్ చాంపియన్ అయింది, ఆ వయసు పిల్ల మీద ఏం భారం ఉంటుందో ఆమెకి తెలుసు. మైకు ఉన్నవాళ్ళు ఏం మాట్లాడకూడదో కూడా తెలిసి ఉండాలి అని నాకు ఆ రోజు అనిపించింది. కానీ వాళ్ళెంత మంచివాళ్ళైనా వాళ్ళు ఊహించి చెప్తున్నారు. జడ్జి ఇలా అనుకుని ఉంటాడు, ప్యానెల్ ఇది రివ్యూ చేస్తోందేమో, ఇంత తగ్గిందంటే బహుశా ఎడ్జ్ కాల్ పడి ఉంటుంది. ఉంటుంది, ఉంటుంది, ఉంటుంది.

ఎడ్జ్ కాల్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి చెప్తాను, ఎందుకంటే జనం అన్యాయం అనుకునేవాటిలో సగం ఇలాంటివే. లట్జ్ అని ఒక జంప్, ఫ్లిప్ అని ఒక జంప్, రెండూ వెనక్కి జారుతూ వచ్చి రెండో కాలి మొనతో ఐసుని పొడిచి లేస్తారు. తేడా అంతా లేచే ముందు ఎడమ కాలి బ్లేడు బయటి అంచు మీద ఉందా లోపలి అంచు మీద ఉందా అన్నదే (ఎడమ వైపు తిరిగేవాళ్ళకి లెండి). బయటి అంచు అయితే లట్జ్, లోపలిది అయితే ఫ్లిప్. లట్జ్‌కి వెళ్తూ చివరి క్షణంలో పాదం లోపలికి వాలిపోతే మనకి కనపడదు, ఎగిరింది తిరిగింది దిగింది, చప్పట్లు కొడతాం. జడ్జీలు కాక, ఏ జంప్ ఎలా చేశారో తేల్చే టెక్నికల్ ప్యానెల్ వేరే ఉంటుంది, అది రీప్లేలో చూసి ఒక గుర్తు వేస్తుంది, మార్కు తగ్గుతుంది. అలాగే గాల్లో పూర్తిగా తిరక్కుండా దిగడం. పావు చుట్టు తక్కువైతే ఒక గుర్తు, ఇంకా తక్కువైతే ఇంకోటి, సగం చుట్టు తక్కువైతే ట్రిపుల్ కాస్తా డబుల్ అయిపోతుంది. ఇవన్నీ మామూలు కంటికి ఆనవు.

మా అక్క కూతురు వైజాగ్‌లో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఐసు మనకి లేదుగానీ చక్రాల మీద ఇదే ఆట మనవాళ్ళు బాగానే ఆడతారు, హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, సింగిల్స్‌లో ఒకటి, అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఒకటి. ఎంతమందికి తెలుసు? మా గుంట ఒక పోటీకి వెళ్ళింది, పడలేదు, ఆగలేదు, నవ్వుతూ ముగించింది, వెనకబడింది. దాని తర్వాత ఆడి పడిపోయిన అమ్మాయి దీనికంటే పైన వచ్చింది. ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "పిన్నీ, నేను పడలేదు కదా! పడిన దానికి ఎక్కువ ఎలా ఇస్తారు?" దాన్ని తీసుకెళ్ళినవాళ్ళకి తెలీదు, అక్కడ అడిగితే షీటు చూసుకోండి అన్నారట, షీటు చదవడం ఎవరికొచ్చు.

దానికి నేను ఐసు లెక్కతో చెప్పాను. గాల్లో నాలుగున్నర చుట్లు తిరిగే క్వాడ్ ఆక్సెల్ బేస్ వాల్యూ 12.5. పూర్తిగా తిరిగి దిగేటప్పుడు పడ్డారనుకో, జడ్జీలందరూ మైనస్ 5 వేస్తే సగం పోతుంది, అంటే 6.25, పడినందుకు ఇంకొకటి పోతుంది, మిగిలేది 5.25. తప్పు లేకుండా చేసిన ట్రిపుల్ లూప్‌కి, అంటే మూడు చుట్ల జంప్‌కి, బేస్ 4.9. అంటే నడ్డి విరిగేలా పడినవాడికి, మామూలుగా దిగినవాడికంటే ఎక్కువ! ఇది న్యాయమా అంటే, ధైర్యానికి విలువ కట్టారు, నాకైతే ఒప్పే. మీకు కాకపోవచ్చు. కానీ కారణం తెలిశాక ఏడుపు ఆగింది, "అయితే నేను కూడా కష్టమైనది పెట్టాలన్నమాట" అంది. ఈ రెండు నిమిషాల మాట అక్కడే, ఆ పోటీలోనే, ఎవరో ఒకరు మైకులో చెప్పి ఉంటే ఆ పిల్ల రైల్లో వచ్చినంతసేపూ తనకి అన్యాయం జరిగిందనుకుంటూ వచ్చేది కాదు.

తెలుగువాళ్ళకి ఈ పని ఎలా చేయాలో తెలియక కాదు. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పుడు బాలుగారు చేసింది సరిగ్గా ఇదే. పేరుకి యాంకర్, కానీ పిల్ల పాడగానే ఎక్కడ శ్రుతి జారింది, ఏ అక్షరం ఒత్తు పలకలేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాల్సింది అని తనే పాడి చూపించి చెప్పేవారు, పక్కన వచ్చిన అతిథి చేత కూడా చెప్పించేవారు. మా ఇంట్లో పాటంటే ఓనమాలు తెలియని అమ్మమ్మ కూడా కొన్నాళ్ళకి "అదిగో అక్కడ తగ్గిందే గొంతు" అనడం మొదలెట్టింది. పిల్లల్ని కించపరిచింది లేదు, అబద్ధం చెప్పిందీ లేదు. ఇప్పటి డాన్సు షోల యాంకర్లు జడ్జీలతో పరాచికాలాడడంలో ఉన్న శ్రద్ధలో పదో వంతు "ఎందుకండీ అంత తగ్గించారు" అని అడగడంలో పెడితే చాలు, నేను ఇంక ఏమీ అడగను.

తొమ్మిదిమంది జడ్జీలు, పాతికమంది స్కేటర్లు, అందరూ మాట్లాడుతూ కూచుంటే తెల్లారిపోతుంది అంటారు. నిజమే, నేను అందర్నీ అనట్లేదు. జడ్జీలు పోటీ జరుగుతుండగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదన్న నియమం కూడా మంచిదే, అది ఉండాలి. నేనడిగేది ముందు టెక్నికల్ ప్యానెల్ గొంతు. క్రికెట్‌లో థర్డ్ అంపైర్ చేసేది చూడండి, స్పైక్ ఉందా చూపించండి, లేదు, బాల్ ట్రాకింగ్‌కి వెళ్దాం, పిచింగ్ ఇన్ లైన్, అంటూ ప్రతి ముక్కా మనకి వినపడేలా మాట్లాడతాడు, అందుకే అవుట్ ఇచ్చినా మనవాళ్ళు టీవీ పగలగొట్టకుండా ఊరుకుంటున్నారు. స్కేటింగ్‌లో కూడా ప్యానెల్ ఎలాగూ మాట్లాడుకుంటూనే ఉంటుంది, స్పెషలిస్టు ఇది ట్రిపుల్ లట్జ్ అని పిలుస్తాడు, రివ్యూ అంటాడు, రీప్లే వేయిస్తారు, అసిస్టెంట్, కంట్రోలర్ కలిసి తేలుస్తారు. ఆ మాటలు ఉన్నాయి, మనకి వినపడవు, అంతే. స్కేటర్ కోచ్ పక్కన కూచుని స్కోరు కోసం గోళ్ళు కొరుక్కునే ఆ ఖాళీ సమయంలో టీవీవాళ్ళు స్లో మోషన్ వేసి పాట పెడతారు, ఆ పాట తీసేసి ఈ మాటలు పెట్టండి.

జడ్జీలని జనం సోషల్ మీడియాలో పీక్కు తింటారు, అందుకే మాట్లాడించకూడదు అనేవాళ్ళున్నారు. పేర్లు 2016 నుంచి బయటే ఉన్నాయండీ, తినేవాళ్ళు ఇప్పుడూ తింటున్నారు, అదీ పక్కనున్న జెండా చూసి తింటున్నారు. మాట్లాడితే కనీసం మాట చూసి తింటారు. ఇంకొందరు భాష గురించి అంటారు, ఇటలీ జడ్జి ఇంగ్లీషులో ఏం చెప్తాడు అని. మా స్టేజి మీదకి రండి ఒకసారి, ఒడియా మాస్టారు చెప్పింది నేను తెలుగులో చెప్తాను, తెలుగు టీచరుగారు చెప్పింది ఒడియాలో చెప్తాను, మధ్యలో కరెంటు పోతే మైకు లేకుండా అరిచి చెప్తాను. ఐఎస్‌యూకి ఇద్దరు అనువాదకులు దొరకరా?

ఒలింపిక్స్‌లో పెట్టడానికి భయమైతే జూనియర్ గ్రాండ్ ప్రీ అనే జూనియర్ల పోటీల్లో మొదలెట్టండి. దాన్ని ఐఎస్‌యూ ఎలాగూ యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ ఇస్తోంది, టీవీ కంపెనీల గొడవ లేదు, యాడ్ల తొందర లేదు, చూసేదంతా స్కేటర్ల అమ్మానాన్నలూ కోచ్‌లూ నాలాంటి పనిలేనివాళ్ళూ. రోజు చివర్లో రిఫరీ వచ్చి యాంకర్ పక్కన కూచోవాలి, ఆ రోజు అన్నిటికంటే గొడవైన మూడు నాలుగు కాల్స్ రీప్లే వేసి ఒక్కొక్కటీ వివరించాలి, యాంకర్‌గా కాస్త మొండిగా అడిగే మనిషిని పెట్టుకోవాలి, "మీరన్నది నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనడానికి సిగ్గుపడనివాళ్ళని. ఆ ఉద్యోగానికి అప్లికేషన్ ఎక్కడ పెట్టాలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, మా అక్క కూతురు పెడతానంటోంది.